పేటెంటు హక్కు, దాని హద్దులు

మందు కనిపెట్టినవారికి చట్టం ఇచ్చే హక్కు ఎంతవరకు వెళ్తుంది? ఎక్కడ ఆగుతుంది? ఈ స్మారకోపన్యాసం ఆ ప్రశ్నకు జవాబును హైదరాబాదు కంపెనీ ఒకటి నడిపిన కేసులో వెతుకుతుంది.

ముందుగా హక్కు సంగతి. 1970 నాటి భారత పేటెంట్ల చట్టం 48వ సెక్షన్ ప్రకారం, పేటెంటు ఉన్న వస్తువును హక్కుదారు అనుమతి లేకుండా మరొకరు తయారుచేయకూడదు, వాడకూడదు, అమ్మకూడదు, దిగుమతి చేసుకోకూడదు. దరఖాస్తు పెట్టిన నాటినుంచి 20 ఏళ్లపాటు ఈ రక్షణ ఉంటుంది. ఇది ఇతరులను ఆపే హక్కు మాత్రమే; తన మందును తాను అమ్ముకోవాలన్నా ఔషధ నియంత్రణ అధికారుల అనుమతి విడిగా తెచ్చుకోవలసిందే. ఈ రక్షణకు బదులుగా హక్కుదారు తన ఆవిష్కరణను దాచుకోకుండా వివరంగా రాసివ్వాలి.

1972లో ఈ చట్టం అమల్లోకి వచ్చినప్పుడు మందులకు తయారీ పద్ధతి మీదే పేటెంటు ఇచ్చేవారు, మందు మీద కాదు. ఆ వెసులుబాటుతోనే హైదరాబాదు మందుల పరిశ్రమ నిలదొక్కుకుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మేరకు 2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంటు వచ్చింది. హక్కు బలపడేసరికి హద్దుల అవసరమూ పెరిగింది.

2008 మార్చిలో జర్మనీ కంపెనీ బేయర్‌కు సోరాఫెనిబ్ అనే మందు మీద భారత పేటెంటు దక్కింది. ముదిరిన కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే ఈ మందును ఆ సంస్థ నెక్సావర్ పేరుతో అమ్మింది. నెలకు సరిపడా 120 మాత్రల ధర అప్పట్లో 2,80,428 రూపాయలు. హైదరాబాదులోని నాట్కో ఫార్మా అదే మందును 8,880 రూపాయలకు ఇస్తామంటూ 84వ సెక్షన్ కింద తప్పనిసరి లైసెన్సు, అంటే హక్కుదారు ఒప్పుకోకపోయినా మందు తయారుచేసే అనుమతి, కోరింది. పేటెంటు వచ్చి మూడేళ్లు దాటాక ఇలా అడగవచ్చు. ప్రజల అవసరం తీరకపోయినా, ధర అందుబాటులో లేకపోయినా, ఆవిష్కరణ ఈ దేశంలో వినియోగంలోకి రాకపోయినా లైసెన్సు ఇవ్వవచ్చు.

విచారణలో బేయర్ ఒక వాదన తెచ్చింది: సిప్లా అనే మరో కంపెనీ కూడా ఈ మందు అమ్ముతోంది కాబట్టి రోగుల అవసరం తీరుతోందని. అదే సిప్లా అమ్మకాన్ని ఆపాలంటూ బేయర్ అప్పటికే కోర్టులో దావా నడుపుతోంది! ఆపాలని చూస్తున్న సరఫరాను తన ఖాతాలో వేసుకోవడం కుదరదని తేలింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ దేశంలో తొలి తప్పనిసరి లైసెన్సు మంజూరు చేశారు.

అంతమాత్రాన బేయర్ పేటెంటు రద్దు కాలేదు. నాట్కో తన అమ్మకాల మీద బేయర్‌కు 6 శాతం రాయల్టీ చెల్లించాలన్నారు. అప్పీలులో అది 7 శాతమైంది. నాట్కో ఆ మందును తానే తయారుచేయాలి, భారతదేశంలోనే అమ్మాలి, ఏటా కనీసం 600 మంది పేదరోగులకు ఉచితంగా ఇవ్వాలి అని షరతులు పెట్టారు. 2014లో బొంబాయి హైకోర్టు ఈ లైసెన్సును సమర్థించింది. అదే ఏడాది సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది.

అడిగినవారందరికీ లైసెన్సు దొరకదు కూడా. మధుమేహానికి వాడే సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాదుకే చెందిన లీ ఫార్మా చేసిన దరఖాస్తును 2016లో తోసిపుచ్చారు. ప్రజల అవసరం తీరడం లేదని ఆ సంస్థ ఆధారాలతో చూపలేకపోయింది. అంటే ఈ హద్దు హక్కుదారు మీద కక్షతో గీసింది కాదు. రుజువు చూపినవారికే తెరుచుకునే దారి.

ఆ రుజువుకు ముఖ్యమైన ఆధారం ఫారం 27. పేటెంటు పొందిన ఆవిష్కరణ దేశంలో వినియోగంలో ఉందో లేదో హక్కుదారు అందులో తెలపాలి. నెక్సావర్ తొలి ఏళ్లలో ఎంత కొద్దిగా దిగుమతి అయిందో ఈ ఫారాలే చెప్పాయి. ఒకప్పుడు ఏటా దాఖలు చేయవలసిన ఈ ఫారాన్ని 2024 సవరణ తర్వాత మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి ఇస్తే చాలు. ప్రాణాధారమైన మందుల విషయంలోనైనా దాన్ని మళ్లీ ఏటా కోరాలి. ఎంత సరుకు వచ్చింది, ఎంత ధరకు అమ్మారు అన్నవి అందులో ఉండాలి. ఆ లెక్క అందరికీ కనబడితేనే 84వ సెక్షన్ రోగికి అక్కరకొస్తుంది.