అప్‌డేట్ పడ్డాక హాట్‌స్పాట్ పనిచేయట్లేదా? రీసెట్ బటన్ నొక్కే ముందు ఈ ఐదు చూడండి

ఈ వీడియోలో కొత్త ఫోన్ రివ్యూ లేదు, అన్‌బాక్సింగ్ లేదు. మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "బ్రో, నిన్నటిదాకా బాగానే ఉంది, రాత్రి అప్‌డేట్ పడింది, పొద్దున్నుంచి హాట్‌స్పాట్ రావట్లేదు, ఇంట్లో ప్రింటర్ కనపడట్లేదు, ఏం చేయాలి?" ఇదీ ప్రశ్న. దీనికి సమాధానం చెప్పే ముందు నేను చేసిన ఒక వెధవ పని చెప్తాను. మీరు అది చేయకూడదు, అందుకే చెప్తున్నా.

మాది గాజువాక. ఇంట్లో నెట్ బాక్స్ ముందు హాల్లో ఉంటుంది. వెనక గదికి సిగ్నల్ అందదు, మధ్యలో రెండు గోడలు. అందుకని మధ్య గదిలో నా లాప్‌టాప్‌కి లాన్ కేబుల్ పెట్టి, దాన్నుంచి హాట్‌స్పాట్ ఆన్ చేస్తే వెనక గదిలో చెల్లి ఫోన్‌కి నెట్ వచ్చేది. ఏడాదిపైగా అలాగే నడిచింది, ఏ ఇబ్బందీ లేదు.

చెల్లికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ జరుగుతోంది. వెబ్ ఆప్షన్లకి మర్నాడే ఆఖరి రోజు. ఆ సాయంత్రం నా లాప్‌టాప్ అప్‌డేట్ అడిగింది, నేను సరే అన్నాను. రీస్టార్ట్ అయింది. కాసేపటికి చెల్లి వచ్చి "అన్నయ్యా, నెట్ రావట్లేదు" అంది. అంతే! స్క్రీన్ మీద ఏం కనపడుతోంది అని అడగలేదు. నా లాప్‌టాప్‌లో నెట్ ఉందా అని చూడలేదు. సరాసరి హాల్లోకి వెళ్లి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశాను. రాలేదు. సిమ్ పిన్ తీసి వెనకాల చిన్న కన్నంలో పెట్టి పది సెకన్లు నొక్కాను.

ఫ్రెండ్స్, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీస్టార్ట్ అంటే పడుకుని లేవడం. రీసెట్ అంటే అన్నీ మర్చిపోయి మళ్లీ పుట్టడం. చాలా కనెక్షన్లలో రౌటర్ లోపల ఒక యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. పీపీపీఓఈ అంటారు. అవి ఉంటేనే ఆపరేటర్ దగ్గర్నుంచి మనకి నెట్ ఇస్తారు. కన్నంలో పిన్ పెట్టి నొక్కామంటే అవి ఎగిరిపోతాయి. మన వైఫై పేరు కూడా పోయి, డబ్బా కింద స్టిక్కర్ మీద ఉన్న పాత పేరు వస్తుంది. అప్పటిదాకా ఒక్క చెల్లి ఫోన్‌కే నెట్ లేదు. నా పుణ్యమా అని ఇప్పుడు ఇంట్లో ఎవరికీ లేదు.

ఆపరేటర్‌కి ఫోన్ చేశాను. రాత్రి పదకొండు అవుతోంది, ఆయన ఫోన్ స్విచాఫ్. నా మొబైల్‌లో ఆ రోజు డేటా అప్పటికే అయిపోయింది. చెల్లి ఏమీ అనలేదు, మంచం మీద కూర్చుని కాలేజీల లిస్టు రాసుకున్న కాగితం మడతపెడుతోంది, విప్పుతోంది. అమ్మ వచ్చి "ఏట్రా, రేపటికి అవుతాదా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

అప్పుడే నాన్న స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్ట్ ముగించుకుని వచ్చారు. విషయం విని తన ఫోన్ చేతిలో పెట్టారు. ఆయన డేటా ఎప్పుడూ సగం కూడా వాడరు. ఆ ఫోన్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాం. నెట్ వచ్చింది. చెల్లి కూర్చుని ఆప్షన్లన్నీ పెట్టి సేవ్ చేసేసరికి పన్నెండున్నర దాటింది. నాన్న అన్నం తింటూ ఒకే మాట అన్నారు. "ప్లాంట్‌లో మెషీన్ ఆగితే ముందు చెయ్యి పెట్టంరా. ఏది నడుస్తోంది, ఏది ఆగింది చూస్తాం. తర్వాతే చెయ్యి."

మర్నాడు ఆపరేటర్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెప్పారు, రౌటర్ మామూలైంది. అయినా చెల్లి ఫోన్‌లో హాట్‌స్పాట్ పేరు కనపడలేదు. నా ఫోన్‌లో కనపడుతోంది! అప్పుడు తెలిసింది అసలు సంగతి. అప్‌డేట్ తర్వాత లాప్‌టాప్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంది. చెల్లిది పాత ఫోన్, దానికి 2.4 మాత్రమే వచ్చు. బ్యాండ్ మార్చాను, అర నిమిషంలో పేరు కనపడింది. అర నిమిషం పనికి రాత్రంతా ఇంటిల్లిపాదినీ ఏడిపించాను.

సరే, ఇప్పుడు నాన్న చెప్పినట్టే వరసగా చూద్దాం. ఐదు మెట్లు.

మొదటిది. తెగింది ఎక్కడ? నెట్ అనేది ఒక దారి. ఆపరేటర్ నుంచి రౌటర్, రౌటర్ నుంచి లాప్‌టాప్, లాప్‌టాప్ నుంచి ఫోన్. ముందు లాప్‌టాప్‌లో ఏదో ఒక సైట్ తెరవండి. తెరుచుకుంటే రౌటర్ జోలికి వెళ్లొద్దు, తప్పు దాని దగ్గర లేదు. తెరుచుకోకపోతే కేబుల్ తీసి పెట్టండి, రౌటర్ లైట్లు చూడండి. మన వైజాగ్‌లో సముద్రం గాలికి లాన్ పిన్నులు తుప్పు పట్టడం కూడా ఉంటుంది, కాబట్టి ఇంకో కేబుల్‌తో కూడా చూడండి. తర్వాత రెండో ఫోన్‌తో హాట్‌స్పాట్ ట్రై చేయండి. రెండో ఫోన్‌కి వచ్చి మొదటి ఫోన్‌కి రాకపోతే, ఆ ఫోన్‌కీ హాట్‌స్పాట్ సెట్టింగ్‌కీ మధ్యే ఏదో కుదరట్లేదు. ఈ రెండు పరీక్షలకి రెండు నిమిషాలు. ఆ రాత్రి నేను చేయనివి ఇవే.

రెండోది. పేరే కనపడట్లేదు. అంటే ముందు అనుమానించాల్సింది బ్యాండ్. 2.4 గిగాహెర్ట్జ్ వేగం తక్కువ గానీ గోడలు దాటి దూరం వెళ్తుంది, పాత ఫోన్లన్నీ అందుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, దూరం తక్కువ. విండోస్ 11 లో అయితే సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, మొబైల్ హాట్‌స్పాట్‌లోకి వెళ్లి ప్రాపర్టీస్ దగ్గర ఎడిట్ నొక్కండి, అక్కడ నెట్‌వర్క్ బ్యాండ్ ఉంటుంది, 2.4 పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ అయితే కంపెనీని బట్టి బ్యాండ్ అనో, ఎక్స్‌టెండ్ కంపాటిబిలిటీ అనో ఉంటుంది. ఐఫోన్ 12 నుంచి పర్సనల్ హాట్‌స్పాట్‌లో మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అని స్విచ్ ఉంది. అది ఆన్ చేస్తే 2.4 కి వస్తుంది. ఇంకోటి, ఎవరూ కనెక్ట్ అవ్వకపోతే హాట్‌స్పాట్ దానంతట అదే ఆగిపోయే పవర్ సేవింగ్ ఆప్షన్ ఉంటుంది. అదీ ఒకసారి చూసుకోండి.

మూడోది. పేరు కనపడుతోంది, పాస్‌వర్డ్ కరెక్టే, అయినా కనెక్ట్ అవ్వట్లేదు. ముందు ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ని ఫర్‌గెట్ చేసి మళ్లీ పెట్టండి. తర్వాత సెక్యూరిటీ చూడండి. 2018 లో డబ్ల్యూపీఏ 3 అనే కొత్త పద్ధతి వచ్చింది. పాత ఫోన్లకి చాలావాటికి అది తెలీదు. హాట్‌స్పాట్ డబ్ల్యూపీఏ 3 మీద ఉంటే డబ్ల్యూపీఏ 2 కి గానీ, రెండూ కలిపిన ఆప్షన్‌కి గానీ మార్చండి. పాస్‌వర్డ్ లేకుండా ఓపెన్‌గా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

ఇందులోనే ఒక మెలిక ఉంది. కొంతమంది ఇళ్లలో రౌటర్‌కి మ్యాక్ ఫిల్టర్ పెడతారు. అంటే లిస్టులో ఉన్న ఫోన్లనే లోపలికి రానిస్తుంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ చెప్పకుండా, నెట్‌వర్క్‌కి ఒక మారు అడ్రస్ చెప్తున్నాయి. ఇది మన ప్రైవసీ కోసమే. కానీ రౌటర్‌కి మాత్రం పాత ఫోన్ కొత్త మనిషిలా కనపడుతుంది, గేటు దగ్గరే ఆపేస్తుంది. మీ ఇంటి వైఫైకి మాత్రం ఆ ర్యాండమ్ మ్యాక్ ఆప్షన్ మార్చి ఫోన్ మ్యాక్ పెట్టుకుంటే సరిపోతుంది.

నాలుగోది. కనెక్ట్ అయింది, కానీ "నో ఇంటర్నెట్" అంటోంది. లాప్‌టాప్ హాట్‌స్పాట్ పేజీలో ఏ కనెక్షన్‌ని షేర్ చేయాలి అని అడిగే చోట ఈథర్‌నెట్ ఉందో, వైఫై ఉందో చూడండి. మీకు నెట్ కేబుల్‌లో వస్తుంటే ఈథర్‌నెట్ ఉండాలి. వీపీఎన్ యాప్ ఏదైనా ఉంటే ఆపి చూడండి. ఫోన్‌లో ఆ వైఫై వివరాలు తెరిస్తే ఐపీ అడ్రస్ ఉంటుంది. విండోస్ హాట్‌స్పాట్ మామూలుగా 192.168.137 తో మొదలయ్యేది ఇస్తుంది. 169.254 తో మొదలైతే ఫోన్‌కి అడ్రస్ అందలేదని అర్థం. హాట్‌స్పాట్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఒకేసారి ఎనిమిది డివైజ్‌ల వరకే తీసుకుంటుంది, అదీ గుర్తుపెట్టుకోండి.

ఐదోది. నెట్ వస్తోంది గానీ షేర్ చేసిన ఫోల్డర్, ప్రింటర్ కనపడట్లేదు. ఎక్కువసార్లు కారణం ప్రొఫైల్. విండోస్‌లో ప్రతి నెట్‌వర్క్‌కి పబ్లిక్, ప్రైవేట్ అని రెండు ఉంటాయి. పబ్లిక్ అంటే నన్ను ఎవరికీ చూపించకు అని. రైల్వే స్టేషన్లో, హాస్టల్లో అదే కరెక్ట్. ఇంట్లో మాత్రం ప్రైవేట్ పెట్టాలి. పాత హార్డ్ డిస్క్ బాక్సులు, పాత ప్రింటర్లు అయితే ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతి అడుగుతాయి. 2017 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి కొత్తగా వేసిన విండోస్ 10 లో అది రావడం లేదు. "ఆన్ చేసేస్తే అయిపోతుంది" అని నెట్‌లో చాలామంది చెప్తారు. నేను చెప్పను. ఎందుకో వినండి.

2017 మే లో వన్నాక్రై అని ఒక వైరస్ వచ్చింది. ఆ ఎస్ఎంబీ 1 లో ఉన్న లోపంలోంచే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకి, ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బులు అడిగింది. ఇంగ్లాండ్‌లో ఆస్పత్రులు ఇబ్బంది పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లకి తగిలింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఎప్పుడు ఇచ్చిందో తెలుసా? మార్చిలో, రెండు నెలల ముందే! వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. కాబట్టి "అప్‌డేట్లే ఆపేస్తా బ్రో" అనేవాళ్లు ఇది ఆలోచించండి.

అలాగని ప్రతిసారీ తప్పు మనదే అని కాదు. 2022 జూన్ 14 న వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత, హాట్‌స్పాట్‌కి ఫోన్ కనెక్ట్ అవ్వగానే లాప్‌టాప్‌కే నెట్ పోయే సమస్య వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది, తర్వాతి అప్‌డేట్లలో సరిచేసింది. ఐదు మెట్లు చూసినా కుదరకపోతే అలాంటిదేమైనా ఉందేమో వెతకండి. కావాలంటే అప్‌డేట్ హిస్టరీలోంచి ఆ ఒక్క అప్‌డేట్ తీసేయొచ్చు. పెద్ద వెర్షన్ మారితే మామూలుగా పది రోజుల్లోపు వెనక్కి వెళ్లే అవకాశం ఉంటుంది. సరిచేసింది వచ్చాక మళ్లీ తప్పకుండా వేసుకోండి.

చివరగా మూడు అలవాట్లు. ఒకటి, పరీక్ష, ఇంటర్వ్యూ, కౌన్సెలింగ్ మర్నాడు ఉందంటే ఆ సాయంత్రం అప్‌డేట్ నొక్కకండి. ఒక వారం పాజ్ చేసే ఆప్షన్ ఉంది. రెండు, మీ కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఆపరేటర్‌ని అడిగి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. మూడు, రెండో దారి ఒకటి ఉంచుకోండి. 2014 అక్టోబర్ 12 న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఆ రోజులు వైజాగ్‌లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. అంత పెద్ద కష్టం రాకపోయినా, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కాస్త డేటా, డేటా పనిచేసే ఒక మంచి కేబుల్ ఉంటే చాలు. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, టెథరింగ్ రాదు. ముందే చెక్ చేసుకోండి.

చెల్లి సంగతి అడుగుతారని తెలుసు. మొదటి ఆప్షన్ రాలేదు, మూడోది వచ్చింది. కాలేజీకి వెళ్తోంది. ఇప్పుడు నెట్ రాకపోతే నన్ను పిలవట్లేదు, తనే వెళ్లి ఏది నడుస్తోంది, ఏది ఆగింది అని చూస్తోంది. సిమ్ పిన్ మాత్రం నాకు దొరక్కుండా దాచేసింది.

మీ ఇంట్లో ఏ మెట్టు దగ్గర ఆగిందో కామెంట్‌లో రాయండి. ఫోన్ మోడల్, స్క్రీన్ మీద వచ్చిన మాట ఉన్నదున్నట్టు రాస్తే సమాధానం చెప్పడం సులువు. ఉంటాను ఫ్రెండ్స్, మళ్లీ కలుద్దాం.