రాళ్ల గుట్ట కింద ఊరు



1966 అక్టోబరు 21 ఉదయం వేల్స్‌లోని అబర్‌ఫాన్ అనే ఊరి మీదికి బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారిపడింది. 144 మంది చనిపోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ గుట్టను నీటి ఊట మీద పోశారు. ఊరివాళ్లు ముందే హెచ్చరించినా గని అధికారులు పట్టించుకోలేదు.

మన కృష్ణగిరి జిల్లాలో బొగ్గు లేదు, గ్రానైట్ ఉంది. నున్నటి దిమ్మెలు లారీ ఎక్కి పోతాయి. పగిలిన రాయి, మట్టి, రాతిపొడి ఇక్కడే మిగులుతాయి. వాటిని కొండవాలులో దొర్లించేస్తే, ఐప్పసి, కార్తీక వానల్లో అవి కిందనున్న చేలోకి, చెరువులోకి దిగుతాయి. ఆ చేలు ఎవరివి? ఎక్కువగా చిన్న రైతులవే. మేకలు కాసుకునేవాళ్లు తిరిగేదీ ఆ వాలులోనే.

పర్యావరణ దినం నాడు నాలుగు మొక్కలు నాటి ఫోటో దిగితే వాలు నిలవదు. ముందు నీటిని దారి మళ్లించాలి: గుట్ట పైన చుట్టుకాలువ తీయాలి, అడుగున రాతిగోడ కట్టాలి. నిటారుగా ఉన్న వాలును మెట్లుగా చెక్కాలి. ఆ తర్వాతే పైమట్టి పరిచి, కొబ్బరిపీచు చాప కప్పి, వట్టివేరు, కానుగ నాటాలి. వట్టివేరు వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. పైమట్టిని మొదటే తీసి వేరుగా దాచాలని 1999 గ్రానైట్ నియమాలే చెబుతున్నాయి.

సోమవారం కలెక్టరు విన్నపాల దినానికి వెళ్లండి. మీ ఊరి క్వారీ గని ప్రణాళిక అడగండి. చుట్టుకాలువ ఎక్కడుందో, పైమట్టి ఎక్కడ దాచారో చూపించమనండి.