మొరాయించే కుళాయి



కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం నేను పక్కింటినుంచి వచ్చేసరికి వంటింట్లో కుళాయి ధారగా పోతోంది. మేడమీద ట్యాంకు సగం ఖాళీ! "కుళాయి కట్టేయకూడదుటండీ అత్తయ్యగారూ?" అని కాస్త గట్టిగానే అనేశాను. ఆవిడ వాచిన వేళ్లు చూపించి, "తిప్పానే అమ్మాయ్, అది తిరగలేదు" అన్నారు. నేను తిప్పబోతే నాకే రెండు చేతులూ కావలసి వచ్చాయి.

మర్నాడు ప్లంబరు దాన్ని విప్పి చూపించాడు. పాత కుళాయిల్లో రబ్బరు వాషరుండేది. అది అరిగితే బొట్లు బొట్లుగా కారేది. ఇప్పటి కుళాయిల్లో చాలావాటికి రూపాయంత పింగాణీ బిళ్లలు రెండుంటాయి. మీట తిప్పితే ఒకదానిమీద ఒకటి జారతాయి. ఇది టీకప్పు పింగాణీ కాదు, అల్యూమినా. మనం ఉంగరాల్లో పెట్టుకునే కెంపూ, నీలమూ కూడా మూలంలో ఆ పదార్థమే. గట్టిదనంలో వజ్రానికి 10 మార్కులు వేస్తే దీనికి 9. అందుకే ఏళ్ల తరబడి అరగదు. నీరు జారకుండా రెండింటినీ అద్దంలా సానబెడతారు.

చిక్కంతా ఆ నునుపుతోనే. తడి గాజుపలకలు రెండు కలిస్తే ఊడదీయడం ఎంత కష్టమో మీకు తెలుసు గదా! బిళ్లలు అలా పట్టేయకుండా మధ్య గ్రీజు రాస్తారు. రానురాను నీళ్లు ఆ గ్రీజును కడిగేస్తాయి. ఇక కుళాయి బిగుసుకుంటుంది, కీచుమంటుంది.

గ్రీజు పోయినా బిళ్ల తనంతట తానే జారేలా చేయలేమా? చేశారు. జిప్పు పట్టేస్తే మనం పెన్సిలు ముల్లు రుద్దుతాం చూడండి, అందులో ఉన్నది గ్రాఫైటు, అంటే కార్బనే. అదే కార్బన్‌ను వజ్రాన్ని పోలిన గట్టి పూతగా బిళ్లకు పట్టిస్తారు. మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. గట్టిదనమూ ఉంటుంది, జారుడుగుణమూ ఉంటుంది. నీళ్లు దాన్ని కడిగేయలేవు. మరో పద్ధతిలో బిళ్లమీద కంటికి కనపడని గుంటలు చేస్తారు. గ్రీజు వాటిలో దాగి, చాలాకాలం నిలుస్తుంది.

మీ కుళాయి బిగుసుకుంటే బలంకొద్దీ తిప్పకండి, మీట విరుగుతుంది. వంటనూనె పోయకండి, లోపలి రబ్బరు రింగులు చెడిపోవచ్చు. కుళాయంతా మార్చనక్కరలేదు, లోపలి కార్ట్రిడ్జి మారిస్తే చాలు. మాకూ అదే వేశారు. ఇప్పుడు అత్తయ్యగారు ఒక్క వేలితో కట్టేస్తున్నారు.

నేనన్న మాట మాత్రం వెనక్కి రాదు గదా! మీ ఇంట్లో పెద్దవాళ్లు కుళాయి వదిలేస్తే, కోప్పడేముందు ఒక్కసారి మీరు తిప్పి చూడండి.

సెలవు.