నంబరును కాదు, కెర్నెల్‌నే అడగండి

స్నాతకోత్సవంలో ఆకాశాన్ని చూపించడం ఆనవాయితీ. నేను మాత్రం పాత సర్వర్ల గదిని చూపిస్తాను. అక్కడ ఏళ్ల నాటి లినక్స్ కెర్నెల్ నడుస్తుంటుంది. దానితో పాటు రాని డ్రైవర్‌ను, బయటివాళ్లు రాసినదాన్ని, మాడ్యూల్‌గా కంపైల్ చేసి ఎక్కించమంటారు. ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు వెర్షన్ నంబరును నమ్మడం.

కెర్నెల్ వెర్షన్ మారినా మామూలు ప్రోగ్రాములు ఆగిపోకుండా చూస్తామని లినక్స్ మాట ఇస్తుంది. కెర్నెల్ లోపలి ఫంక్షన్ల విషయంలో అలాంటి మాటేమీ లేదు. ఉదాహరణకు యాక్సెస్_ఓకే అనే ఫంక్షన్ మూడు ఆర్గ్యుమెంట్లు తీసుకునేది. 2019లో వచ్చిన 5.0 వెర్షన్‌లో అవి రెండయ్యాయి. మాడ్యూల్ రచయిత ‘5.0 కన్నా పాతదైతే మూడు, కాకపోతే రెండు’ అని షరతు రాస్తాడు. తర్కం బాగానే ఉంది. కానీ రెడ్‌హ్యాట్ వంటి సంస్థలు కొత్త మార్పులను వెనక్కి తెచ్చి పాత కెర్నెల్‌లో కలుపుతాయి. 4.18 అని చెప్పుకునే రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 తర్వాతి విడుదలల్లోకీ ఈ మార్పు వచ్చేసింది. గుమ్మం మీద ఇంటి నంబరు అదే, లోపల గదులు వేరు. ఆ షరతు 4.18ని చూసి మూడు ఆర్గ్యుమెంట్లు ఇస్తే కంపైలర్ ఆపేస్తుంది, అది అదృష్టం. రూపం మారకుండా అర్థం మారిన ఫంక్షన్ అయితే కంపైలేషన్ సాఫీగా సాగి, యంత్రం అర్ధరాత్రి కూలుతుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్, ఎన్‌విడియా డ్రైవర్లు ఈ పాఠం నేర్చుకున్నాయి. నిర్మాణానికి ముందు చిన్నచిన్న పరీక్షా ముక్కలను అక్కడి కెర్నెల్ హెడర్లతో కంపైల్ చేసి, ఏ ఫంక్షన్ ఏ రూపంలో ఉందో తేల్చుకుంటాయి. దీనికి సమయం పడుతుందంటారు, నిజమే. అర్థం మారితే ఈ పరీక్ష పట్టుకోలేదనీ అంటారు, అదీ నిజమే. అందుకు సోర్సు చదవడం తప్ప దారి లేదు. అయినా నంబరు చూసి ఊహించడం కన్నా ఈ పరీక్ష మేలు.

ఇంత తంటా ఎందుకు, కోడ్‌ను కెర్నెల్‌లోనే కలిపేయవచ్చు కదా అని అడగవచ్చు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ అదే చేసింది, 2020లో 5.6తో లోపలికి చేరింది. అయినా 3.10 నుంచి 5.5 దాకా ఉన్న పాత కెర్నెల్స్ కోసం అనుకూలతా కోడ్‌తో విడిగా ఒక ప్యాకేజీ ఇవ్వాల్సి వచ్చింది. జెడ్‌ఎఫ్‌ఎస్‌కైతే లైసెన్సు చిక్కు వల్ల ఆ తలుపే మూసి ఉంది. పోనీ పాత కెర్నెల్‌ను వదిలేయమంటారా? 3.10తో 2014లో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7కు నిర్వహణ 2024 జూన్ దాకా సాగింది. కెర్నెల్ మార్చితే దాని మీద నడిచేదంతా మళ్లీ పరీక్షించాలి. పాతదాన్ని పట్టుకుని ఉన్నవాళ్లందరూ బద్ధకస్తులు కారు.

రేపు అలాంటి యంత్రం మీ చేతికొస్తే, యూనేమ్ కమాండ్ చెప్పిన నంబరు రాసుకోండి. తర్వాత ఆ కెర్నెల్‌కే చెందిన హెడర్లు తెరిచి, ఫంక్షన్ అక్కడ ఎలా ఉందో చదివి, అప్పుడే మేక్ కమాండ్ కొట్టండి.