కాచితే పోనిది

పొదుపు లెక్కలు ఇందాకే విన్నారు గదా, మేము నీళ్ల సంగతి చెప్తాం.

మా ఊరి చెత్తకుప్పకు దిగువన ఒక బోరుంది. వాన పడితే కుప్పలోంచి నల్లటి ఊట దిగతా ఉంటుంది. బోరు నీళ్లు మాత్రం తేటగానే ఉండేవి. అయినా అనుమానంతో బాగా కాచి, చంటిబిడ్డల డబ్బాపాలు కలిపేవాళ్లం. జల్ జీవన్ మిషన్ కిట్‌తో పరీక్ష చేస్తే, నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటింది. కాచితే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల్లోపు బిడ్డకైతే రక్తంలో ప్రాణవాయువు తగ్గి ఒళ్లు నీలం తిరగొచ్చు. జాగ్రత్త అనుకుని మేము చేసింది అదీ! తాగేదానికీ వంటకూ ఆ బోరు మానేశాం.

తిరుపతి చెత్త పోసిన రామాపురం యార్డులో పాత కుప్పల్ని తవ్వి, జల్లెడ పట్టి, మట్టి వేరు, ప్లాస్టిక్ వేరు చేసే పని చేపట్టారు. దాన్నే బయోమైనింగ్ అంటారు. కుప్ప తీసినా భూమిలోకి దిగిన ఊట వెంటనే పోదు, ఏళ్లు పడుతుంది. మా కుప్ప పోసింది మేమే. ఊట ఎక్కువగా వచ్చేది తడిచెత్త నుంచే, అందుకే ఇప్పుడు దాన్ని ఇంటి దగ్గరే గుంతలో వేస్తున్నాం.

వచ్చే సమావేశానికి మీ బోరు నీళ్లు కడిగిన సీసాలో తీసుకురాండి. కిట్ మా దగ్గరుంది, పరీక్ష మీ ముందరే చేస్తాం.