దబీర్‌పురా దర్వాజా లోపల

బంధువులు హైదరాబాదుకు వచ్చినప్పుడు మనలో చాలమంది వారికి చూపించేవి ఒక్కటే వరుసలో ఉంటాయి. ఉదయం చార్మినారు, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం, సాయంకాలం గోలకొండ. చార్మినారుకు తూర్పుగా, కాళ్లలో ఓపిక ఉన్నవారు నడచిపోగలిగినంత దూరంలో దబీర్‌పురా అనే పేట ఉన్నది. ఆ వరుసలో దాని పేరు వినబడదు. అందుకు కారణం లేకపోలేదు. టిక్కెట్టు కొని లోపలికి పోయి చూడవలసిన కట్టడం అక్కడ ఒక్కటీ లేదు. ఉన్నవల్లా ఒక పాత దర్వాజా, ఒక చిన్న రైలు స్టేషను, ఇరుకు సందులు, ఒక ఆషూర్‌ఖానా. సంవత్సరంలో ఒక్కరోజు మాత్రం నగరమంతా ఆ సందుల వైపు చూస్తుంది. నేటి నా ప్రసంగం ముఖ్యంగా ఆ ఒక్కరోజును గురించి.

ముందు దర్వాజా సంగతి చెప్పుతాను. పాత నగరం చుట్టూ ఒకప్పుడు రాతి ప్రాకారం ఉండేది. మొగలాయీల చివరి సుబేదారు ముబారిజ్ ఖాను కాలంలో మొదలైన ఆ గోడను మొదటి ఆసఫ్‌జా పూర్తి చేయించినాడు. దానికి పదమూడు ద్వారాలు ఉండేవని లెక్క చెప్పుతారు. మనుషులు మాత్రమే దూరిపోయే చిన్న ద్వారాలను ‘ఖిడ్కీ’లనేవారు. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగినప్పుడు కొన్ని పోయినవి. ఆ వరద చేయలేకపోయిన పనిని 1950, 60 దశకాలలో మనమే పూర్తి చేసినాము. రోడ్లు వెడల్పు కావలెను, బస్సులు తిరగవలెను అని ద్వారాలను పడగొట్టినాము. చాదర్‌ఘాట్ దర్వాజా, అఫ్జల్ దర్వాజా, ఢిల్లీ దర్వాజా, యాకుత్‌పురా దర్వాజా ఇప్పుడు మాటలలోనే ఉన్నవి. అసలు ద్వారాలుగా మిగిలినవి రెండే: పడమర పురానాపూల్ దర్వాజా, తూర్పున దబీర్‌పురా దర్వాజా. గోడ లేని ద్వారం చూడడానికి కొంచెం వింతగా ఉంటుంది. లోపల ఏది, బయట ఏది అని అడిగితే ఆ కమాను ఏమి చెప్పగలదు? అయినా ఆ పేటవారు నేటికీ ‘దర్వాజా లోపల’, ‘దర్వాజా బయట’ అనే దారి చెప్పుతారు.

‘దబీరు’ అంటే పారసీలో వ్రాతగాడు, లేఖకుడు. గోలకొండ సుల్తానుల కొలువులో అది ఒక ఉద్యోగపు పేరు కూడ. అక్షరం పేరిట వెలసిన పేట ఇది అనుకున్నప్పుడల్లా, కాగితం చూచి మాట్లాడి పొట్టపోసుకొనే నాబోటివాడికి ఏదో చుట్టరికం తోచుతుంది.

ఇక్కడికి రావడానికి సుఖమైన మార్గం రైలు. సికింద్రాబాదు నుండి ఫలక్‌నుమాకు పోయే ఎం.ఎం.టి.ఎస్. బండి కాచిగూడ, మలక్‌పేట దాటగానే దబీర్‌పురాలో ఆగుతుంది. దిగి జనం పోయే వైపు పోతే బజారు తగులుతుంది. దారి అడగడానికి మొగమాటపడనక్కరలేదు. ‘బీబీకా అలావా’ అంటే చిన్నపిల్లలైనా చూపుతారు.

ఆ ‘అలావా’ అన్న మాట తెలంగాణ పల్లెలలో పుట్టి పెరిగినవారికి కొత్త కాదు. మొహర్రం నెల పొడుపు కనబడగానే పీర్ల చావిడి ముందు గుంట తవ్వి నిప్పు వేస్తారు, ఆ నిప్పుల గుండమే అలావా. దాని చుట్టూ కులభేదం, మతభేదం లేకుండా ఊరంతా పాడుతూ అడుగులు వేస్తుంది. పీరు ఎత్తుకొనేవాడు చాలచోట్ల హిందువే. మొక్కుకొని పుట్టిన బిడ్డలకు పీరయ్య అని, హుసేనమ్మ అని పేర్లు పెట్టుకొన్న కుటుంబాలు ఎన్నో. మేము చిన్నప్పుడు దానిని ‘పీర్ల పండుగ’ అన్నాము, ఇప్పటికీ అంటున్నాము. ఈ ‘పండుగ’ అన్న మాటతో నాకు ఒకసారి చిక్కు వచ్చినది. ఆ సంగతి తరువాత చెప్పుతాను.

దబీర్‌పురాలోని అలావాలో ఉన్నది బీబీకా ఆలం. ‘బీబీ’ అనగా ప్రవక్త కుమార్తె, ఇమాం హుసేను తల్లి అయిన ఫాతిమా. ఆమె భౌతికకాయానికి చివరి స్నానం చేయించిన చెక్క పలక తునక ఈ ఆలంలో పొదగబడి ఉన్నదని భక్తుల విశ్వాసం. దీనిని మొదట గోలకొండలో నిలిపినది హయాత్‌బక్షీ బేగం. ఆమె హైదరాబాదు నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, తరువాతి సుల్తాను మహమ్మద్ భార్య, ఆ తరువాతి సుల్తాను అబ్దుల్లా తల్లి. మూడు ఏలుబడులను దగ్గరనుండి చూచిన ఆ మహారాణిని జనం ‘మా సాహెబా’ అని పిలిచేవారు. మాసాబ్ ట్యాంకు పేరు ఆ పిలుపు నుండి వచ్చినదే అంటారు. హయత్‌నగర్ ఆమె పేరిట వెలసినదే. ఒక తల్లి పేరిట మరొక తల్లి నిలిపిన ఆలం ఇది.

కుతుబ్‌షాహీలు షియా మతస్థులు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన తరువాత మొహర్రం సంతాపాలకు గడ్డురోజులు వచ్చినవి. పత్తర్‌గట్టీ సమీపాన రంగురంగుల పింగాణి పలకలతో మెరిసే బాదుషాహీ ఆషూర్‌ఖానాను సైనికులు గుర్రపుసాలగా వాడినారని ప్రతీతి. తరువాత వచ్చిన నిజాములు సున్నీలు. అయినా వారు షియాల ఆచారాలను నిలిపినారు, మాన్యాలిచ్చినారు. బీబీకా ఆలం దబీర్‌పురాకు చేరినది కూడ వారి కాలంలోనే.

ఆషూరా ఏ రోజున వస్తుందని శ్రోతలు అడుగవచ్చు. మొహర్రం పదవ రోజు అని జవాబు. కాని అది మన పంచాంగంలో ఎక్కడ పడుతుంది? వారి నెలా మన నెలా రెండూ చంద్రుని పట్టుకొని నడిచేవే. కనుక నెలవంక నాడు మొదలైన నెలలో పదవ రోజు, మనకు శుద్ధ దశమికో ఏకాదశికో దగ్గరలో వచ్చి నిలుస్తుంది. మనం సుమారు మూడేళ్లకొక అధిక మాసం కలిపి చంద్రుణ్ణి ఋతువులకు కట్టివేసినాము, వారు కట్టలేదు. అందువల్ల మొహర్రం ఏటా పది, పదకొండు రోజులు వెనుకకు జరుగుతూ, సుమారు ముప్పై మూడేళ్లలో అన్ని ఋతువులూ చుట్టివస్తుంది. 2024లో జూలై 17న, 2025లో జూలై 6న, రెండేళ్లు వరుసగా మన దేశంలో ఆషూరా, తొలి ఏకాదశి ఒకే నాడు వచ్చినవి. ఆషాఢమంతా పాతబస్తీలో ఒకవైపు బోనాల డప్పులు, ఒకవైపు మాతం చప్పుడు. పోలీసువారికి నిద్ర లేదు కాని, ఊరు రెంటినీ మోసినది.

ఇక నా చిక్కు సంగతి. సుమారు ఇరవై ఏళ్ల క్రితం, ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులు. ఆ ఏడు ఆషూరా ఫాల్గుణంలో వచ్చినది. ధ్వనిముద్రణ యంత్రం భుజాన తగిలించుకొని పొద్దుననే దబీర్‌పురా చేరినాను. సందులన్నీ నల్లబట్టల జనం. చాలమంది కాళ్లకు చెప్పులు లేవు. ఒక మేడ అరుగెక్కి నిలబడి మైకులో మాట్లాడసాగినాను. చదువుకొన్నవాణ్ణి కదా, మాటలకు కొదువా! ‘కన్నుల పండువగా’, ‘నేల ఈనినట్లు’, ‘పండుగ వాతావరణం’ అంటూ ధారాళంగా సాగిపోతున్నాను. అరుగు మీద కూర్చున్న ఒక వృద్ధుడు నేను ముగించేదాకా ఓపికగా విన్నాడు. విని, తెలుగులోనే అన్నాడు:

“రేడియోవాళ్లా బాబూ? అంత మంచిగనే చెప్పిన్రు. గాని పండుగ అనకుండ్రి. ఇయ్యాల మా ఇంట్ల సావు.”

క్రీస్తుశకం 680లో కర్బలా మైదానంలో జరిగినదాన్ని ఆయన ఆ ఉదయం జరిగినట్లు చెప్పినాడు. నాకు తల తిరిగిపోయినది. యూఫ్రటీసు నది దాపున ఉండి కూడ నీరు అందక, పసిబిడ్డలతో సహా దాహంతో తపించి, ఇమాం హుసేను ఆయన పరివారం నేలకూలిన రోజు అది. చరిత్ర పాఠంగా నాకు తెలిసినదే. ఆ రాత్రి కార్యాలయానికి తిరిగివచ్చి నా మాటలు నేనే విన్నాను. ‘పండుగ’ తొమ్మిదిచోట్ల దొర్లినది. తొమ్మిదిచోట్లా కత్తిరించినాను. కత్తిరించగా మిగిలినదానిలో నా మాటలు తక్కువై, ఆ వీధి చప్పుడే ఎక్కువైనది. అదే బాగున్నదని మా పెద్దలన్నారు.

ఆ వీధి చప్పుడు ఎటువంటిదో చెప్పడం కష్టం. ఆలం బయటికి వచ్చే క్షణంలో ఒక్క పెట్టున వేలమంది గొంతులు లేస్తాయి. తరువాత గుండెలమీద అరచేతులు పడే చప్పుడు, ఒక లయలో, వర్షం దగ్గరపడుతున్నట్లు. దానిమీద నౌహా పాట. కొందరు యువకులు చురకత్తులతో ఒళ్లు గాయపరచుకొంటారు. నేను ఆ వైపు చూడలేను, చూడమని మీకు చెప్పను. పిల్లలను తీసుకుపోయేవారు ఈ సంగతి ముందే తెలిసి ఉండుట మంచిది. అన్నిటికంటె నా మనస్సులో నిలిచినది వేరు. వీధి పొడుగునా సబీళ్లు, అనగా నీళ్ల పందిళ్లు, పెట్టి దారినపోయే ప్రతివాడికీ నీళ్లు, షర్బతు ఇస్తారు. నీవెవరు అని అడగరు. దాహంతో చనిపోయినవారి పేరిట దాహం తీర్చడం ఆ రోజు విధి.

ఊరేగింపు దబీర్‌పురా నుండి షేక్ ఫైజ్ కమాను, ఏతెబార్ చౌకు, అలీజా కోట్లా మీదుగా చార్మినారు చేరుతుంది. అక్కడి నుండి గుల్జార్‌హౌజ్, పంజెషా, మీరాలం మండి, దారుల్‌షిఫా దాటి మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ వద్ద ముగుస్తుంది. దారిలో ఆలంకు ‘ధట్టీ’ అనే వస్త్రం సమర్పిస్తారు. పూర్వం నిజాములు సమర్పించేవారు. ఇప్పుడు నగర పోలీసు కమిషనరు సమర్పించడం ఆనవాయితీగా ఉన్నది. ఏ మతానికి చెందిన అధికారి ఆ కుర్చీలో ఉన్నా ఈ ఆనవాయితీ తప్పలేదు.

ఆలం ఏనుగు మీద వెడుతుంది. ఈ ఏనుగును గురించి ఇటీవల చాల వాదం జరిగినది. కొన్నేళ్లపాటు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు చెందిన రజని అనే ఏనుగు ఈ పని చేసినది. అదే రజని బోనాల సమయంలో అక్కన్న మాదన్న దేవాలయపు ఘటాన్ని కూడ మోసినది. ఘటమూ చార్మినారు ముందునుండే మూసీకి పోతుంది. రెండు సంతానాల బరువును ఒక్క తల్లి మోసినట్లు అనిపించేది. తరువాత, జంతుప్రదర్శనశాల ఏనుగును జనసమ్మర్దంలోకి తేవచ్చునా అన్న ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్లినది, ఇతర రాష్ట్రాల నుండి ఏనుగులను రప్పించవలసి వచ్చినది. నాలుగు శతాబ్దాల ఆచారమని ఒక పక్షం, మూగజీవి అవస్థ చూడండని మరొక పక్షం. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. నా మట్టుకు నాకు 2020వ సంవత్సరం గుర్తు. ఆ ఏడు కరోనా మహమ్మారి కారణంగా ఏనుగు లేదు, జనసమూహం లేదు. ఆలంను మోటారు వాహనంలో తీసుకుపోయినారు. ఏడ్చేవారు ఇండ్లలో ఉండి ఏడ్చినారు. ఆ దుఃఖానికి ఏనుగు అవసరం లేదని నాకు ఆనాడు తోచినది. అయితే ఇది బయటివాడి మాట, ఆ పేటవారికి ఇంకొక విధంగా తోచవచ్చు.

దక్షిణ స్పెయిను సముద్రతీరాన మాలగా అనే నగరం కలదు. ఈస్టరుకు ముందు వారంలో అక్కడి భక్తసంఘాలవారు క్రీస్తు విగ్రహాన్ని, దుఃఖిస్తున్న ఆయన తల్లి మేరీ విగ్రహాన్ని బ్రహ్మాండమైన పీఠాల మీద నిలిపి, వందలమంది భుజాల మీద మోసుకొంటూ వీధులు తిరుగుతారు. దేశదేశాల యాత్రికులు వస్తారు, హోటళ్లు నిండిపోతాయి. కొడుకును పోగొట్టుకొన్న తల్లి ముందు ఒకడు కన్నీరు పెడుతుంటే, ప్రక్కనే మరొకడు ఛాయాచిత్రం తీసుకొంటాడు. ప్రభుత్వాల యాత్రిక శాఖలు ఇటువంటి రోజులను ‘ఆకర్షణలు’ అనే పట్టికలో వేస్తాయి. వేయవద్దని నేననను, చూడడానికి వచ్చినవాడే ఒక్కొక్కసారి అర్థం చేసుకొని పోతాడు. కాని చావింటికి పోయినప్పుడు మనమెట్లా నిలబడతామో అట్లా నిలబడవలెను. నవ్వులు, కేకలు వద్దు. ఫొటో తీసేముందు ఎదుటివారి అనుమతి అడగండి.

ఆషూరా కాని రోజున పోయేవారికి కూడ ఆ దారిలో చూడవలసినవి కొన్ని ఉన్నవి. దారుల్‌షిఫా 1595లో మహమ్మద్ కులీ కట్టించిన ఆసుపత్రి. నడుమ విశాలమైన ఆవరణ, చుట్టూ రెండంతస్తుల గదులు. యూనానీ వైద్యం అక్కడ చెప్పేవారు, చేసేవారు. ఇప్పుడది శిథిలంగా ఉన్నది. చూస్తే మనస్సు కలుక్కుమంటుంది. ఆ చేరువనే ఏడవ నిజాము తన తల్లి జ్ఞాపకార్థం కట్టించిన అజాఖానా-ఎ-జోహ్రా ఉన్నది. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం సరేసరి. ఆరవ నిజాము బట్టల బీరువాల వరుస ఎంత పొడుగో నడచి చూడవలసిందే. మొహర్రం నెలలో బేకరీలలో ‘దమ్ కా రోట్’ దొరుకుతుంది. రవ్వ, నెయ్యి, బాదం వేసి కాల్చిన తీపి రొట్టె. ఒకటి తింటే మధ్యాహ్నం భోజనం అక్కరలేదు.

ఆషూరా నాడు పోదలచినవారు కారు ఇంటివద్దనే ఉంచండి. దారులు మూసివేస్తారు. రైలులో వచ్చి, ఊరేగింపు వెంట చాదర్‌ఘాట్ దాకా నడిస్తే, తిరుగుప్రయాణానికి మలక్‌పేట స్టేషను దగ్గర. పెద్దల మర్యాదకని దబీర్‌పురాలో చెప్పులు విడిచినవారు మాత్రం వాటికోసం మళ్లీ అంతదూరం వెనుకకు నడవవలసి ఉంటుంది. నేను నడిచినాను.