బ్రౌజరును మార్చుటయా, మానుటయా?



గేజి మార్పు అను మాటను ఖరగ్‌పూరు వాసులకు వివరింప నక్కరలేదు. నాగపూరు–ఛత్తీస్‌గఢ్ మీటరు గేజి మార్గమును స్వీకరించి, బ్రాడు గేజిగా మార్చు సంకల్పముతోనే 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడినది. పట్టాల నడుమ ఎడము 1000 మిల్లీమీటర్ల నుండి 1676 మిల్లీమీటర్లకు పెరిగినది. ఆ కంపెనీయే తరువాత ఖరగ్‌పూరును జంక్షనుగాను, వర్కుషాపుతో కూడిన రైల్వే పట్టణముగాను రూపొందించెను. ఉత్తరాంధ్రము నుండి ఎన్నో తెలుగు కుటుంబములు ఆ కొలువులకై వచ్చి, ఇచ్చటనే స్థిరపడినవి.

రెండు గేజిలు కలియు చోట బండి ముందుకు సాగదు. సరకును ఒక బండి నుండి దింపి, మరియొక దానికి ఎక్కింపవలెను. గేజిని మార్చుటలో వ్యయప్రయాస లున్నవి, మార్చకుండుటలోను ఉన్నవి. కంప్యూటరులో బ్రౌజరును మార్చు విషయమును అట్టిదే.

ఎచ్చటనో ఉన్న కంప్యూటరు నుండి పుటను తెచ్చి, దాని సంకేతములను చదివి, అక్షరములుగను చిత్రములుగను తెరపై నిలుపు సాధనమే బ్రౌజరు. తెలుగు వికీపీడియా రచయితలు దీనిని ‘విహరిణి’ అనుచుందురు.

వర్కుషాపులో పనిచేసి విశ్రాంతి గైకొన్న తెలుగు ఉద్యోగి నొకనిని ఊహింపుడు. ఆయన యింట విండోస్ 7 గల పాత కంప్యూటరు కలదు. అందులో క్రోము బ్రౌజరు కలదు. ఉదయము కాఫీ త్రాగుచు తెలుగు దినపత్రికను తెరపై చదువుట ఆయనకు నిత్యకృత్యము. పింఛను జమ చూచుకొనుటయు, స్వగ్రామమునకు పోవుటకు టిక్కెట్టు కొనుటయు అందులోనే. 2023లో కుమారుడు ఫోనులో హెచ్చరించెను: “నాన్నగారూ, ఆ బ్రౌజరుకు ఇక సవరణలు రావు. వేరొకటి పెట్టుకోండి.” తండ్రికి ఒకటే సందేహము: “మార్చిన తరువాత పత్రిక కనబడకపోతే?”

ఆ భయము నిష్కారణము కాదు. దానికొక చరిత్ర యున్నది. 1995లో వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును ఈ శతాబ్ది తొలి యేండ్లలో నూటికి తొంబదిమందికి పైగా వాడుచుండిరి. ఆనాడు తెలుగు పత్రికలు తమతమ సొంత ఫాంటులతో నడచెడివి. ఆంగ్లాక్షరములకు చెందిన సంఖ్యలకే తెలుగు రూపములను తొడిగెడివారు. ఆ ఫాంటును అప్పటికప్పుడు తెప్పించు ఏర్పాటు పలుచోట్ల ఎక్స్‌ప్లోరరునకే అనుకూలించెడిది. మరియొక బ్రౌజరులో తెరచినచో అదే పుట అర్థములేని అక్షరముల గుంపుగా కనబడెడిది. యూనికోడు తొలి కూర్పునందే, అనగా 1991లోనే, తెలుగునకు స్థానము లభించినను, పత్రికలు దానిని చేరుటకు చాలకాలము పట్టెను.

2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వెలువడెను. దానికి మారదలచిన తెలుగు పాఠకునికి పత్రికయే సంకెల అయ్యెను. ఆ సంకెలను విప్పినది ‘పద్మ’. తెలుగు వికీపీడియాకు 2003లో నాంది పలికిన వెన్న నాగార్జున దీనిని రూపొందించెను. ఈ ఉపకరణము ఫైర్‌ఫాక్సునకు జతపడి, పత్రికల సొంత సంకేతములను యూనికోడు తెలుగుగా మార్చి చూపెను. పిమ్మట పత్రికలే యూనికోడును స్వీకరించుటతో, సరకు దింపి ఎక్కించు అవసరము తీరి, బండి సూటిగా సాగినది.

పత్రికలు మారినను, యాక్టివ్‌ఎక్స్ అను ఎక్స్‌ప్లోరరు సాధనముపై ఆధారపడిన కార్యాలయపు పుటలు పెక్కు మారలేదు. 2022 జూన్ 15న మైక్రోసాఫ్టు ఎక్స్‌ప్లోరరునకు విరామ మిచ్చినపుడు, అట్టి పుటలకు ఎడ్జ్ బ్రౌజరులోని ప్రత్యేక పద్ధతియే శరణ్యమైనది. ఒక్కదానినే నమ్ముకొనుట వలన కలుగు చిక్కు ఇదియే.

2008 సెప్టెంబరులో గూగులు సంస్థ క్రోమును విడుదల చేసెను. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో లోహశాస్త్రము చదివి 1993లో పట్టము పొందిన సుందర్ పిచాయ్ దాని నిర్మాణమునకు నాయకత్వము వహించెను. ఊరికి అది గర్వకారణమే. కాని అభిమానము వేరు, ఎన్నిక వేరు. 2020 నుండి ఎడ్జ్ కూడ క్రోము యంత్రముతోనే నడచుచున్నది. ఒపేరా, బ్రేవ్‌లును అంతే. వీనిలో ఒకదాని నుండి మరియొక దానికి మారుట అదే ఇంజనునకు తగిలించిన వేరొక పెట్టెలో కూర్చుండుట వంటిది. ఫైర్‌ఫాక్స్ ఇంజను వేరు. పుటలు వ్రాయువారు ఒకే ఇంజనుతో సరిచూచి ఊరకుండినచో, ఎక్స్‌ప్లోరరునాటి చిక్కే తిరిగి రాగలదు.

ఇక పెద్దాయన చేయవలసిన దేమి? సవరణలు ఆగిపోయిన బ్రౌజరుతో పింఛను ఖాతాను తెరువరాదు. ఇందు చర్చకు తావులేదు. విండోస్ 7పై క్రోము కొత్త కూర్పులు 2023 తొలినాళ్లలో నిలిచినవి. ఫైర్‌ఫాక్స్ 115వ కూర్పునకు ఆ తరువాతను భద్రతా సవరణలు వచ్చినవి. కాని విండోస్ 7కే 2020 జనవరిలో మద్దతు ముగిసినది. ఇంటి గోడలు సడలినపుడు తలుపు మార్చుట తాత్కాలికోపాయమే. కంప్యూటరు సంగతియు త్వరలో తేల్చుకొనవలెను.

మిగిలిన దంతయు పరీక్షించి తేల్చుకొనదగినదే. పాతదానిని వెంటనే తొలగింపక, కొత్తదానిని దాని ప్రక్కన నిలుపవలెను. గుర్తుంచుకొన్న పుటల జాబితాను అందులోనికి తెచ్చుకొనవలెను. సంకేతపదములను విడిగా ఒకచోట భద్రపరచుకొనవలెను. పదిహేను దినములు పత్రికను అందులోనే చదివి, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి సంయుక్తాక్షరములు విడిపోక నిలుచుచున్నవో లేదో చూడవలెను. ఒక ఉత్తరము తెలుగులో వ్రాసి, టిక్కెట్టు కొని సరిచూడవలెను. అన్నియు కుదిరిన పిమ్మటనే పాతదానికి వీడుకోలు చెప్పవలెను.

వేగము నేడొకరిది, రేపొకరిది. కావలసినప్పుడు తన పుటలతో, తన అక్షరములతో వెడలిపోవుటకు దారి విడుచు బ్రౌజరే చేరదగినది. పెద్దాయన అట్లే చేసినచో, మరునాటి ఉదయము బ్రౌజరు వేరైనను, కాఫీ వేళకు తెరపై నిలుచునది ఆ తెలుగు పత్రికయే.